చదరపు మ్యాట్రిక్స్‌ను ఉన్నచోటే తిప్పడం: ఫార్ములా సులువు, హద్దులే చిక్కు

కోడింగ్ ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లకు ఈ ప్రశ్న ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఎన్ అడ్డు వరుసలు, ఎన్ నిలువు వరుసలు ఉన్న మ్యాట్రిక్స్, అంటే గడుల పట్టిక, ఇస్తారు. దాన్ని సవ్యదిశలో, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, 90 డిగ్రీలు తిప్పమంటారు. ఇంకో మ్యాట్రిక్స్ తయారు చేయకూడదు, ఇచ్చినదాన్నే మార్చాలి. కోడింగ్ ప్రశ్నలు సాధన చేసే వెబ్‌సైట్ లీట్‌కోడ్‌లో ఇది 48వ ప్రశ్న. అక్కడ ఎన్ విలువ 20 దాటదు. అంటే మహా అయితే 400 గడులు. వాటికి ఇంకో 400 గడుల చోటు ఇవ్వడం మామూలు కంప్యూటర్‌కు ఒక లెక్కే కాదు. కాబట్టి 'కొత్త మ్యాట్రిక్స్ వద్దు' అనే షరతు మెమరీ ఆదా కోసం పెట్టింది కాదు. ఒక విలువ మీద ఇంకోటి రాసేముందు పాతదాన్ని కాపాడుకోవడం వచ్చా, లూప్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలుసా అన్నదే అసలు పరీక్ష.

ఫార్ములా దగ్గర పెద్దగా ఆగక్కర్లేదు. సవ్యదిశలో తిప్పితే పై అడ్డు వరుస కుడి చివరి నిలువు వరుస అవుతుంది, రెండో అడ్డు వరుస దానికి ఎడమ పక్కన చేరుతుంది. వరుసలను సున్నా నుంచి లెక్కపెడితే (ఐ, జే) గడిలోని విలువ (జే, ఎన్−1−ఐ) గడికి వెళ్తుంది. అపసవ్యదిశలో అయితే (ఎన్−1−జే, ఐ)కి వెళ్తుంది. లెక్కల క్లాసులో నేర్చుకున్న సైన్, కొసైన్ రొటేషన్ ఫార్ములాను తెచ్చి ఇక్కడ వాడబోతే దిశ తిరగబడుతుంది. గ్రాఫ్ కాగితం మీద వై అక్షం పైకి పెరుగుతుంది, మ్యాట్రిక్స్‌లో వరుసల అంకెలు కిందికి పెరుగుతాయి. నాలుగు మూలలు కాగితం మీద వేసి చూసుకోవడం దానికన్నా త్వరగా తేలుతుంది.

కొత్త మ్యాట్రిక్స్‌లోకి రాసే వెసులుబాటు ఉంటే ఈ ఒక్క ఫార్ములాతో పని అయిపోయేది. ఉన్నచోటే రాయాలంటే మాత్రం ఒక ప్రశ్న ఎదురవుతుంది: (ఐ, జే) విలువను కొత్త చోట పెట్టగానే అక్కడున్న విలువకు చోటు పోతుంది, మరి దాన్నెక్కడ పెట్టాలి? దాని సొంత గమ్యంలో పెట్టాలి. ఆ గమ్యంలో ఉన్నదాన్ని మళ్లీ దాని గమ్యంలో పెట్టాలి. ఇలా వెంటబడి వెళ్తే ఎక్కడ ఆగుతామో ఫార్ములానే చెబుతుంది. (ఐ, జే) నుంచి (జే, ఎన్−1−ఐ), అక్కడి నుంచి (ఎన్−1−ఐ, ఎన్−1−జే), ఆపైన (ఎన్−1−జే, ఐ), నాలుగో అడుగులో తిరిగి (ఐ, జే). నాలుగు సార్లు 90 డిగ్రీలు తిరిగితే మొదటికే వస్తాం కాబట్టి ఇంతకన్నా పొడవైన గొలుసు ఉండే వీలే లేదు. చదరపు మ్యాట్రిక్స్‌లోని గడులన్నీ నాలుగేసి గడుల చిన్న చక్రాలుగా విడిపోతాయి. ఒక చక్రానికి ఇంకో చక్రంతో సంబంధం ఉండదు. ఎన్ బేసి సంఖ్య అయితే నట్టనడిమి గడి ఒక్కటే ఒంటరిగా మిగులుతుంది, అది కదలదు. 5×5లో మధ్య గడి పోగా 24 గడులు, అంటే 6 చక్రాలు.

దీన్ని కోడ్‌లా రాస్తే ఇలా ఉంటుంది. ఇక్కడ 'వరకు' అంటే ఆ చివరి అంకెను కూడా కలుపుకొని.

    ఐ = 0 నుంచి (ఎన్÷2)−1 వరకు, భాగహారంలో శేషం వదిలేసి:
        జే = ఐ నుంచి ఎన్−2−ఐ వరకు:
            పక్కన = మ్యా[ఐ][జే]
            మ్యా[ఐ][జే] = మ్యా[ఎన్−1−జే][ఐ]
            మ్యా[ఎన్−1−జే][ఐ] = మ్యా[ఎన్−1−ఐ][ఎన్−1−జే]
            మ్యా[ఎన్−1−ఐ][ఎన్−1−జే] = మ్యా[జే][ఎన్−1−ఐ]
            మ్యా[జే][ఎన్−1−ఐ] = పక్కన

ఇందులో గమనించాల్సింది రాసే దిశ. విలువలను ముందుకు తోయడం లేదు, వెనకనుంచి లాక్కుంటున్నాం. మొదటి గడి విలువను పక్కన పెట్టగానే ఆ గడి ఖాళీ అయినట్టే. అందులోకి రావాల్సిన విలువను తెస్తే దాని పాత గడి ఖాళీ అవుతుంది. చివర్లో పక్కన పెట్టినదాన్ని ఆఖరి ఖాళీలో వేస్తాం. ఒక్క వేరియబుల్ చాలు. ముందుకు తోసే పద్ధతిలో అడుగడుగునా స్థానం కోల్పోయిన విలువను పట్టుకుని తిరగాలి. అదీ పనిచేస్తుంది కానీ చదివేవాళ్లకు తలనొప్పి.

ఐ అనేది ఇక్కడ పొరను సూచిస్తుంది. బయటి చట్రం సున్నా పొర, దాని లోపలిది ఒకటో పొర. ఒక్కో పొరలో పై అంచు మీది గడుల నుంచి చక్రాలు మొదలవుతాయి, ఆ అంచు చివరి మూలను మాత్రం వదిలేయాలి. తప్పులన్నీ పుట్టేది ఈ 'వదిలేయాలి' దగ్గరే. ఫార్ములా తప్పు రాసి దెబ్బతినేవాళ్లు తక్కువ. అది తప్పైతే ఫలితం మొత్తం గజిబిజిగా కనిపించి వెంటనే దొరికిపోతుంది. హద్దు ఒక గడి అటో ఇటో అయితే ఫలితం సగం సరిగ్గా ఉంటుంది, అదే టెన్షన్ పెడుతుంది. అయితే ఈ తప్పులు ఒక్కొక్కటీ తనదైన ముద్ర వదిలిపోతాయి. ముద్రను గుర్తుపడితే కోడ్ చూడకుండానే కారణం చెప్పొచ్చు.

3×3లో 1 నుంచి 9 వరకు వరుసగా నింపుకుందాం. సవ్యదిశలో తిప్పితే రావాల్సింది ఇది:

    7 4 1
    8 5 2
    9 6 3

జే లూప్ చివరి మూలను వదలకుండా దాన్ని కూడా కలుపుకుందనుకుందాం. కుడి పై మూల, ఎడమ పై మూల ఒకే చక్రంలోని గడులు. కాబట్టి మూలల చక్రం రెండు సార్లు తిరుగుతుంది. వచ్చేది ఇది:

    9 4 7
    8 5 2
    3 6 1

అంచుల మధ్య గడులు సరిగ్గానే ఉన్నాయి, మూలలు మాత్రం 180 డిగ్రీలు తిరిగాయి. పైథాన్‌లో రేంజ్ తన చివరి అంకెను కలుపుకోదు, పాస్కల్ లాంటి భాషల్లో లూప్ కలుపుకుంటుంది. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి కోడ్ మార్చేటప్పుడు ఈ తప్పు తేలిగ్గా దూరుతుంది.

పొరలుగా కాకుండా మ్యాట్రిక్స్‌ను నాలుగు పాళ్లుగా చూసి, ఎడమ పై పావులోని ప్రతి గడి నుంచీ ఒక చక్రం మొదలుపెట్టే పద్ధతి ఇంకోటి ఉంది. అందులో ఐ, జే రెండూ సున్నా నుంచే మొదలవుతాయి, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ ఎన్ బేసి అయినప్పుడు పావు అనేది చదరంగా ఉండదు. 5×5లో అది 2 అడ్డు వరుసలు, 3 నిలువు వరుసల దీర్ఘచతురస్రం. అంటే ఐకి ఎన్‌లో సగాన్ని కిందికి సవరించాలి, జేకి పైకి సవరించాలి. రెండింటికీ కిందికే సవరిస్తే 3×3లో మూలలు మాత్రమే తిరుగుతాయి, మిగతావి ఉన్నచోటే ఉండిపోతాయి: 7 2 1, 4 5 6, 9 8 3. రెండింటికీ పైకే సవరిస్తే అంచుల మధ్య గడుల చక్రం రెండు సార్లు తిరిగి 7 8 1, 6 5 4, 9 2 3 వస్తుంది. ఎన్ సరి సంఖ్య అయితే ఈ రెండు తప్పులూ అసలు బయటపడవు. 4×4తో పరీక్షించి సంతృప్తి పడేవాళ్లు పట్టుబడేది ఇక్కడే.

ఇక పరీక్షల సంగతి. 'నాలుగు సార్లు తిప్పితే మొదటి మ్యాట్రిక్స్ రావాలి' అన్న పరీక్ష ఎవరికైనా ముందుగా తడుతుంది, అందంగా కూడా ఉంటుంది. కానీ అది దాదాపు పనికిరాదు. పైన చూపిన మూడు తప్పుడు కోడ్‌లూ ఈ పరీక్షలో పాస్ అవుతాయి. మూలలు 180 డిగ్రీల చొప్పున నాలుగు సార్లు తిరిగినా మొదటికే వస్తాయి కదా. అపసవ్యదిశలో తిప్పే కోడ్ కూడా పాస్ అవుతుంది. ఏమీ చేయకుండా ఊరుకునే ఫంక్షన్ అన్నిటికన్నా బాగా పాస్ అవుతుంది. నమ్మదగిన పరీక్ష ఇంకోలా ఉంటుంది: ముందు మ్యాట్రిక్స్‌ను కాపీ చేసి పెట్టుకోవాలి, తిప్పాక ప్రతి (ఐ, జే)కీ కాపీలోని విలువ కొత్త మ్యాట్రిక్స్‌లో (జే, ఎన్−1−ఐ) దగ్గర ఉందో లేదో చూడాలి. విలువలన్నీ వేర్వేరుగా ఉండాలి, అన్నీ ఒకట్లే పెడితే ఏ కోడైనా సరైనదిగానే కనిపిస్తుంది. ఎన్‌కు 1 నుంచి 5 వరకు అన్ని విలువలూ ఇవ్వాలి. ఒకే గడి, మధ్య గడి లేనిది, ఒక్క పొరే ఉన్నది, లోపలి పొరకు పని ఉన్నది, అన్నీ ఈ ఐదింటిలో వచ్చేస్తాయి.

ఈ హద్దుల గొడవను చాలావరకు తప్పించే దారి ఇంకోటి ఉంది. మ్యాట్రిక్స్‌ను ట్రాన్స్‌పోజ్ చేసి, అంటే అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చి, ఆపైన ప్రతి అడ్డు వరుసనూ తిరగేస్తే సవ్యదిశ రొటేషన్ వచ్చేస్తుంది.

    ఐ = 0 నుంచి ఎన్−1 వరకు:
        జే = ఐ+1 నుంచి ఎన్−1 వరకు:
            మ్యా[ఐ][జే], మ్యా[జే][ఐ] స్వాప్
    ప్రతి అడ్డు వరుసనూ రివర్స్

ఎందుకు పనిచేస్తుందో ఒక్క వాక్యంలో తేలిపోతుంది: ట్రాన్స్‌పోజ్‌తో (ఐ, జే) కాస్తా (జే, ఐ) అవుతుంది, వరుస తిరగేస్తే (జే, ఎన్−1−ఐ) అవుతుంది, మనకు కావాల్సింది అదే. జ్యామితి వైపు నుంచి చూస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. ట్రాన్స్‌పోజ్ అంటే కర్ణం మీద అద్దం పెట్టి ప్రతిబింబం తీయడం. వరుసలు తిరగేయడం అంటే నట్టనడుమ నిలువుగా అద్దం పెట్టడం. రెండు అద్దాల్లో ఒకదాని తర్వాత ఒకటి ప్రతిబింబిస్తే, వాటి మధ్య కోణానికి రెట్టింపు రొటేషన్ వస్తుంది. కర్ణానికీ నిలువు గీతకూ మధ్య 45 డిగ్రీలు, రెట్టింపు చేస్తే 90. వరస మార్చి ముందు ప్రతి అడ్డు వరుసనూ తిరగేసి తర్వాత ట్రాన్స్‌పోజ్ చేస్తే అంతే కోణం అపసవ్యదిశలో వస్తుంది. ట్రాన్స్‌పోజ్ తర్వాత వరుసలను కాకుండా వరుసల క్రమాన్ని పైకీ కిందికీ తిరగేసినా అపసవ్యమే. ఇన్ని కలయికలు కంఠతా పట్టే బదులు ఎడమ పై మూలలోని విలువ ఎక్కడికి చేరిందో చూస్తే చాలు. సవ్యదిశ అయితే అది కుడి పై మూలకు రావాలి.

దీనిలోనూ ఒక ఉచ్చు ఉంది. జే లూప్‌ను ఐ+1 నుంచి కాక సున్నా నుంచి మొదలుపెడితే ప్రతి జతా రెండు సార్లు స్వాప్ అయి ట్రాన్స్‌పోజ్ రద్దయిపోతుంది. మిగిలేది అద్దంలో కనిపించే బొమ్మ: 3 2 1, 6 5 4, 9 8 7. కానీ సరి బేసి తేడాల్లేవు, పొరల్లేవు, ఇండెక్సుల నాలుగు వరసల కూడిక తీసివేతల్లేవు. తప్పు జరిగినా ఏ ముక్కలో జరిగిందో విడివిడిగా పరీక్షించొచ్చు. ఇంటర్వ్యూ బోర్డు దగ్గరైనా, పదిమంది చదివే ప్రాజెక్టులోనైనా, బలమైన కారణం లేకపోతే ఈ పద్ధతినే రాయడం మంచిది.

చక్రాల పద్ధతి వైపు వినిపించే వాదన వేగం. లెక్క వేస్తే అందులో కొంత నిజం కనిపిస్తుంది. చక్రాల్లో ప్రతి గడిలోకీ ఒక్కసారే రాస్తాం. ట్రాన్స్‌పోజ్ పద్ధతిలో దాదాపు రెండేసి సార్లు రాస్తాం. 4×4 తీసుకుంటే చక్రాలకు 16 రాతలు. ట్రాన్స్‌పోజ్‌కు 6 స్వాప్‌లు, తిరగేయడానికి 8 స్వాప్‌లు, ఒక్కో స్వాప్‌కు రెండు రాతల చొప్పున మొత్తం 28. అయితే పైథాన్ లిస్టుల్లో ఈ లెక్క మారిపోతుంది. అక్కడ మ్యాట్రిక్స్ అంటే లిస్టుల లిస్టు. బయటి లిస్టులో ఉండేవి వరుసలు కాదు, వరుసలకు రిఫరెన్సులు, అంటే అవి మెమరీలో ఎక్కడున్నాయో చెప్పే గుర్తులు. ముందుగా బయటి లిస్టును రివర్స్ చేసి, అంటే వరుసల క్రమాన్ని పైకీ కిందికీ తిరగేసి, తర్వాత ట్రాన్స్‌పోజ్ చేస్తే కూడా సవ్యదిశ రొటేషనే వస్తుంది. ఆ రివర్స్‌లో గడులు కదలవు, రిఫరెన్సులే కదులుతాయి. 4×4కు 2 స్వాప్‌లు చాలు. ట్రాన్స్‌పోజ్‌కు 12 రాతలు, దీనికి 4, మొత్తం 16. చక్రాల పద్ధతితో సరిసమానం. ఏ ఎన్ తీసుకున్నా ఈ సమానత్వం తప్పదు. ఒక్క జాగ్రత్త: ప్రోగ్రాములో ఇంకెక్కడైనా ఒక వరుసను విడిగా వేరియబుల్‌లో పట్టుకుని ఉంటే, రివర్స్ తర్వాత అది పైనుంచి కిందికి చేరిపోతుంది.

పైథాన్‌లో చాలామంది రాసే ఏకవాక్య కోడ్ సంగతి వేరు. మ్యాట్రిక్స్‌ను తలకిందులు చేసి జిప్ అనే ఫంక్షన్‌కు ఇస్తే తిరిగిన వరుసలు వచ్చేస్తాయి. చూడముచ్చటైన కోడే. కానీ అది వరుసలను కొత్తగా టపుల్స్‌గా (మార్చడానికి వీల్లేని లిస్టుల్లాంటివి) తయారు చేస్తుంది. ఫలితాన్ని పాత లిస్టులోకే స్లైస్ ద్వారా కుక్కితే బయటి లిస్టు మారకుండా ఉంటుందే తప్ప లోపలి సరుకంతా కొత్తదే. పరీక్ష పెట్టే సాఫ్ట్‌వేర్ పాస్ చేసినా అది ఉన్నచోటే తిప్పడం కాదు.

పెద్ద మ్యాట్రిక్స్‌ల దగ్గర రాతల లెక్క కన్నా మెమరీలో నడక తీరు ముఖ్యం. సి భాషలో మ్యాట్రిక్స్ అడ్డు వరుసల క్రమంలో పేర్చి ఉంటుంది, ఫోర్‌ట్రాన్‌లో నిలువు వరుసల క్రమంలో. సి తీసుకుంటే, ఎన్ 1000, గడికి 4 బైట్లు అనుకుంటే, నిలువుగా ఒక గడి దిగడమంటే మెమరీలో 4000 బైట్లు దూకడం. ప్రాసెసర్ మాత్రం మెమరీని సాధారణంగా 64 బైట్ల లైన్లుగా క్యాష్ అనే చిన్న, వేగమైన మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఒక లైన్‌లో 16 అంకెలు పడతాయి, నిలువుగా నడిచేటప్పుడు ఒక్కటే వాడి ముందుకు పోతాం. మిగతా 15 వాడే వంతు వచ్చేసరికి ఆ లైన్ క్యాష్‌లోంచి పోయి ఉండొచ్చు. ఎన్ 1024 అయితే ఇంకా ఇబ్బంది. అడుగు సరిగ్గా 4096 బైట్లు అవుతుంది. 32 కిలోబైట్ల ఎల్1 క్యాష్ (ప్రాసెసర్‌కు అన్నిటికన్నా దగ్గరిది), అందులో సెట్ అనే ఒక్కో అరకు 8 లైన్లు ఉండే ప్రాసెసర్లలో ఒక నిలువు వరుసలోని గడులన్నీ ఒకే సెట్‌కు పోటీ పడతాయి, అక్కడ చోటు 8 లైన్లకే. అందుకే 1000 కన్నా 1024 నెమ్మదించే వింత కనిపిస్తుంటుంది. చక్రాల పద్ధతి నాలుగు వైపులా ఒకేసారి నడుస్తుంది, అందులో రెండు వైపులు నిలువు నడకే. ట్రాన్స్‌పోజ్‌లో ఒకవైపు నిలువు నడక ఉంటుంది, వరుసలు తిరగేయడంలో అసలు ఉండదు.

దీనికి మందు ముక్కలుగా విడగొట్టడం. 16×16 ముక్క అంటే 4 బైట్ల అంకెలతో ఒక కిలోబైట్, క్యాష్‌లో హాయిగా పడుతుంది. కర్ణానికి అటూ ఇటూ ఉన్న ముక్కలను జతలుగా తీసుకుని ట్రాన్స్‌పోజ్ చేస్తే తెచ్చిన ప్రతి లైనూ పూర్తిగా వాడుకున్నట్టవుతుంది. ముక్క సైజు ముందే నిర్ణయించకుండా, మ్యాట్రిక్స్‌ను సగాలు సగాలుగా రికర్షన్‌తో విడగొడుతూ పోయి ఏ క్యాష్‌కైనా దానంతట అదే సరిపోయేలా చేసే పద్ధతిని 1999లో ఫ్రీగో, లైసర్సన్, ప్రోకాప్, రామచంద్రన్ అనే పరిశోధకులు వివరించారు. రొటేషన్‌ను ట్రాన్స్‌పోజ్‌గా మార్చుకోవడంలో ఉన్న పెద్ద లాభం ఇదే: ట్రాన్స్‌పోజ్ మీద ఇప్పటికే జరిగిన పనంతా ఉచితంగా దక్కుతుంది.

అన్నిటికన్నా వేగమైన రొటేషన్ ఏదంటే, ఏమీ కదపకుండా చదివే తీరును మార్చడం. పైథాన్‌లో అంకెల పట్టికల కోసం వాడే లైబ్రరీ నంపైలో రాట్90 అనే ఫంక్షన్ చేసేది అదే. చెప్పకపోతే అది అపసవ్యదిశలో తిప్పుతుంది, సవ్యదిశ అలవాటైనవాళ్లు ఇక్కడ తడబడతారు. 3×3 మ్యాట్రిక్స్, గడికి 8 బైట్లు అనుకుందాం. మామూలుగా కింది వరుసకు వెళ్లాలంటే 24 బైట్లు, పక్క గడికి వెళ్లాలంటే 8 బైట్లు ముందుకు జరగాలి. రాట్90 తర్వాత చదవడం పై వరుస చివరి గడి నుంచి మొదలవుతుంది, కింది వరుసకు 8 బైట్లు వెనక్కి, పక్క గడికి 24 బైట్లు ముందుకు. డేటా ఒక్క బైట్ కూడా కదల్లేదు. మ్యాట్రిక్స్ ఎంత పెద్దదైనా ఖర్చు ఒకటే. అయితే తర్వాత దాని మీద చేసే ప్రతి పనీ అసలు మ్యాట్రిక్స్‌నే తాకుతుంది, పైగా వంకర నడకతో చదవాల్సి వస్తుంది. ఒకసారి చూసి వదిలేసేదైతే ఇది మేలు, పదేపదే వాడేదైతే నిజంగా తిప్పుకోవడమే మేలు.

కెమెరాలు, ఫోన్లు కూడా ఇదే ఎత్తు వేస్తాయి. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీసినా నిలువుగా తీసినా సెన్సర్ చదివిన క్రమంలోనే ఫొటోను రాసి, ఫొటో ఫైల్‌లోనే ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో ఓరియంటేషన్ అనే ఒక అంకె పెడతాయి. 1 అంటే ఉన్నదున్నట్టు, 3 అంటే 180 డిగ్రీలు, 6 అంటే సవ్యదిశలో 90 తిప్పి చూపించు, 8 అంటే అపసవ్యదిశలో 90. మిగతా నాలుగు అంకెలు అద్దం ప్రతిబింబాలకు. మొత్తం ఎనిమిదే ఎందుకంటే చతురస్రాన్ని దాని మీదే సరిగ్గా కూర్చోబెట్టే మార్గాలు ఎనిమిదే: నాలుగు రొటేషన్లు, నాలుగు ప్రతిబింబాలు. ఆ అంకెను పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఫొటో పక్కకు పడుకుని కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పిన ఉన్నచోటే పద్ధతులన్నీ చదరపు మ్యాట్రిక్స్ అనే షరతు మీద నిలబడ్డాయి. దీర్ఘచతురస్రమైతే తిప్పాక ఆకారమే మారిపోతుంది, చక్కటి నాలుగు గడుల చక్రాలు కూడా ఉండవు. 2 అడ్డు వరుసలు, 3 నిలువు వరుసల మ్యాట్రిక్స్‌ను మెమరీలో 0 నుంచి 5 వరకు వరుస గడులుగా చూద్దాం. ట్రాన్స్‌పోజ్ చేస్తే మొదటి గడి, చివరి గడి కదలవు. మిగతావాటిలో ఏ గడి ఎక్కడికి పోతుందంటే, దాని అంకెను 2తో గుణించి 5తో భాగిస్తే వచ్చే శేషం దగ్గరికి: 1 నుంచి 2, 2 నుంచి 4, 4 నుంచి 3, 3 నుంచి 1. ఇక్కడ ఒక్కటే చక్రం వచ్చింది కానీ కొలతలు మారితే చక్రాల సంఖ్య, పొడవు ఒక క్రమం లేకుండా మారిపోతాయి. 1959లోనే విండ్లీ అనే ఆయన 'కంప్యూటర్ జర్నల్' పత్రికలో ఈ సమస్య మీద రాశాడు. చిక్కల్లా ఏ చక్రం పూర్తయిందో, ఏది మిగిలిందో గుర్తుపెట్టుకోవడంలో ఉంది. గడికో బిట్ చొప్పున గుర్తు పెడితే మ్యాట్రిక్స్ సైజుతో పాటు పెరిగే అదనపు చోటు కావాలి. పెట్టకపోతే ప్రతి గడి దగ్గరా చక్రం వెంట నడిచి, అందులో అన్నిటికన్నా చిన్న అంకె తనదేనా అని చూసుకున్నాకే కదపాలి, దాంతో సమయం పెరుగుతుంది. మెమరీ నిజంగా బిగువుగా ఉంటే తప్ప, చాలా ప్రోగ్రాములు ఇక్కడ పంతానికి పోకుండా కొత్త మ్యాట్రిక్స్ తీసుకుని అందులోకి రాసేస్తాయి.